ఆ రోడ్డు వార్త గురించి: కొత్త విలేకరికి లేఖ

తమ్ముడికి,

నువ్వు పంపిన వార్త చదివాను. సర్పంచ్ తమ్ముడే సీసీ రోడ్డు వేశాడు, బిల్లు కాగితాల మీద సర్పంచ్ సంతకం పెట్టాడు. ఇంతవరకు నీ దగ్గర ఆధారం ఉంది. కానీ దానికి ‘కంచే చేను మేసింది’ అని హెడ్డింగ్ పెట్టావు. అది తీసేయ్. సిమెంటు తగ్గించారని గానీ, లేని పొడవు రాసి బిల్లు లాగారని గానీ నీ దగ్గర ఒక్క కాగితం లేదు. ఆ రోడ్డు మండలంలో అన్నిటికన్నా మంచి రోడ్డే కావచ్చు. రేపు ఆయన నలుగురిని వెంటబెట్టుకుని రోడ్డు తవ్వి చూపించాడంటే నీ వార్త అక్కడితో పోతుంది. దాంతోపాటు అడగాల్సిన ప్రశ్న కూడా పోతుంది.

ఆ ప్రశ్న దొంగతనం గురించి కాదు. పని ఇవ్వాలని తీర్మానం చేసినవాళ్లూ, పని సరిగా జరిగిందా అని నిలదీయాల్సినవాళ్లూ, డబ్బు అందుకునేవాళ్లూ ఒకే ఇంటివాళ్లయితే ఊరి తరఫున మాట్లాడే మనిషి ఎవరు? రోడ్డు ఎంత బాగున్నా ఈ ప్రశ్న ఉంటుంది. నువ్వు రాయాల్సింది ఇదే.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం తెప్పించుకుని అనర్హతల భాగం చదువు. 19వ సెక్షన్‌తో మొదలుపెట్టు. పంచాయతీతో అమల్లో ఉన్న కాంట్రాక్టులో గానీ, దాని కోసం జరుగుతున్న పనిలో గానీ ప్రయోజనం ఉన్న మనిషి పోటీకి అర్హుడు కాడని అందులో ఉంది. అక్కడే మినహాయింపులూ ఉన్నాయి, వాటిని ఇంకా జాగ్రత్తగా చూడు. కంపెనీలో డైరెక్టర్ కాకుండా వట్టి వాటాదారు అయితే ఫర్వాలేదు. స్థిరాస్తి లీజు, అమ్మకం, కొనుగోలు అయితే ఫర్వాలేదు. పని పూర్తిగా అయిపోయి పంచాయతీ బిల్లు మాత్రమే బాకీ ఉంటే ఆ కాంట్రాక్టు అమల్లో ఉన్నట్టు కాదు. నీ రోడ్డు పని ఏ తేదీకి ముగిసిందో కనుక్కోకుండా ‘పదవి పోతుంది’ అని రాయొద్దు.

స్థిరాస్తి మినహాయింపు నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంది. పట్టణాల అంచున ఉన్న ఊళ్లలో ఇప్పుడు అసలు డబ్బు డ్రైనేజీ కాలువల్లో లేదు, లేఅవుట్లలో ఉంది. ప్లాట్ల వ్యాపారంలో వాటా ఉన్న వార్డు సభ్యుడు లేఅవుట్ ఫైలు వచ్చిన రోజు ఎక్కడ కూర్చున్నాడు, ఏం మాట్లాడాడు అన్నది మినిట్స్ పుస్తకంలో వెతుకు. చట్టం పట్టుకోకపోయినా ఊరికి తెలియాల్సిన సంగతి అది.

‘తమ్ముడికి పని ఇస్తే అన్నకేంటి సంబంధం?’ అని నిన్ను అడుగుతారు. సులువైన ప్రశ్న కాదు. అన్నదమ్ములు వేరు కాపురాలా, లెక్కలు వేరా, పనికి పెట్టుబడి ఎవరిది, ఆ డబ్బు చివరికి ఎవరి ఖాతాకు చేరింది, ఇవన్నీ తేలాలి. చుట్టరికం ఒక్కటే చూపించి ఆగిపోతే వార్త నిలబడదు. గోవాలో ఒక పంచాయతీ సభ్యురాలి భర్తకు అదే పంచాయతీ పని దక్కితే, అందులో ఆమెకూ ప్రయోజనం ఉన్నట్టేనని 2012లో సుప్రీంకోర్టు ఆమె అనర్హతను ఖాయం చేసింది. అది గోవా చట్టం, పైగా భార్యాభర్తల సంగతి. అన్నదమ్ములకు అలాగే అతికించకు. అయినా ఆ తీర్పు చదివితే కోర్టు ఏం వెతుకుతుందో నీకు అర్థమవుతుంది. మన దగ్గర సగం సీట్లు మహిళలవి. పనులు భర్త పేరునో బినామీ పేరునో నడుస్తాయి, పదవి పోయేది మాత్రం ఆమెది. ఆమెను ఎగతాళి చేసే వాక్యం ఒక్కటి కూడా రాయకు. ముందు ఆమెతో నేరుగా మాట్లాడు. పక్కన భర్త లేనప్పుడు మాట్లాడు.

ఇంకో సంగతి, ఇది చాలామంది రాయరు. చిన్న పనులకు బయటి కాంట్రాక్టర్ రాడు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు, ఆరు నెలలో ఏడాదో. అందుకని సర్పంచే వడ్డీకి తెచ్చి ఎవరి పేరో పెట్టి పని చేయిస్తాడు. పెండింగ్ బిల్లుల కోసం సర్పంచులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ రోడ్డెక్కారు. నీ సర్పంచ్‌దీ అదే పరిస్థితి అయితే ఆ మాట వార్తలో ఉండాలి, అదీ చివరి పేరాలో కాదు. అతను చేసింది ఒప్పని కాదు. బిల్లులు ఆలస్యం చేసే ప్రభుత్వమే అతన్ని రెండు వైపులా నిలబెట్టిందని చదివేవాళ్లకు తెలియాలి. తెలంగాణలో 2018 చట్టం సర్పంచ్‌కూ ఉప సర్పంచ్‌కూ కలిపి చెక్ పవర్, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం, ఇచ్చింది. రెండో సంతకం కాపలా అవుతుందని ఆశ. ఇద్దరూ రాజీపడితే అది వాటా అడిగే సంతకం అవుతుంది. పడకపోతే పారిశుధ్య కార్మికుల జీతాలు ఆగుతాయి.

కాగితాల కోసం కార్యదర్శిని బతిమాలకు. పంచాయతీ తీర్మానం, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వేసిన ఎస్టిమేట్, ఎంబీలో (పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు, చెక్ మెజర్‌మెంట్ (ఆ కొలతలను మళ్లీ సరిచూడటం) చేసిన వాళ్ల సంతకం, చెల్లింపు వివరం, ఈ ఐదూ సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడుగు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తీర్మానం తేదీ కన్నా ముందే పని మొదలైందా, ఆ సమావేశంలో సర్పంచ్ ‘ఇది మా తమ్ముడి పని’ అని నోరు విప్పాడా, ఈ రెండూ తేలితే నీ వార్త సగం రాసినట్టే.

ఇక నీ గురించి. ఉగాదికి, ఆగస్టు 15కు శుభాకాంక్షల యాడ్ ఇదే సర్పంచ్ దగ్గర తీసుకున్నావని నువ్వే రాశావు. ఆఫీసు టార్గెట్ ఇస్తుంది, కమీషన్ మీదే నీ ఇల్లు గడుస్తుంది, ఆ టెన్షన్ నాకు తెలుసు. పంచాయతీ వ్యవహారాల ప్రకటన వేసే పత్రికలో వాటా ఉన్నా అనర్హత కాదని నేను పైన చెప్పిన 19వ సెక్షన్‌లోనే ఉంది. చట్టం ఆ మాట పోటీ చేసేవాళ్ల కోసం చెప్పింది, విలేకరి కోసం కాదు. నువ్వు సర్పంచ్‌ను అడుగుతున్న ప్రశ్నే ఊళ్లో ఎవరైనా నిన్ను అడగవచ్చు: ఆయన డబ్బు తీసుకుంటూ ఆయన మీద ఎలా రాస్తావు? యాడ్ ఇవ్వనన్నాడు కాబట్టే రాశాడని ఆయనా అనవచ్చు. అందుకే వార్త పంపే ముందు యాడ్ సంగతి డెస్క్ ఇన్‌చార్జికి మెసేజ్ పెట్టి చెప్పు, ఫోన్‌లో చెబితే చాలదు. వచ్చే పండక్కి ఆ ఊరి యాడ్ నువ్వు అడగకు, పక్క మండలం వాళ్లను చూడమను. దానికి ఆఫీసు ఒప్పుకోకపోతే, కాగితాలన్నీ ఇచ్చి ఈ వార్త వేరే విలేకరితో రాయించమని అడుగు. వార్త మీద నీ పేరు, ఆ బైలైన్ పోయిందని బాధపడతావు, నిజమే. ఆ ఊళ్లో నువ్వు ఇంకా చాలా ఏళ్లు వార్తలు రాయాలి.

సర్పంచ్ తమ్ముడి వివరణ కూడా తీసుకో. అతను ఆ పనికి పెట్టుబడి ఎక్కడినుంచి తెచ్చాడో ముందు అడుగు.

ఇట్లు,
మీ అన్నయ్య