కాలిఫోర్నియా బర్గర్ షాపులో గంటకి 20 డాలర్లట, దాన్ని నమ్ముకుని లోను తీసుకోవచ్చా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి కొర్లగుంట. మా వాడు బీటెక్ ఫైనల్ ఇయర్, సాయంత్రాలు ఒక బర్గర్ షాపులో పార్ట్ టైం చేస్తాడు. ఇంటికొచ్చేసరికి రాత్రి పన్నెండున్నర, చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. కన్సల్టెన్సీ వాళ్ళు కాలిఫోర్నియాలో ఎంఎస్ సీటు ఇప్పిస్తామంటున్నారు. అక్కడ ఇదే పనికి గంటకి 20 డాలర్లు గవర్నమెంటే ఫిక్స్ చేసింది, నెలకి దగ్గర దగ్గర లక్షన్నర వస్తుంది, లోను వాడే కట్టేసుకుంటాడు అంటున్నారు. 35 లక్షలు లోను, వడ్డీ 11 శాతం, చిత్తూరు దగ్గరున్న రెండెకరాల మామిడి తోట తాకట్టు పెట్టాల. వాడేమో ఇక్కడ చేసే చాకిరీ అక్కడే చేస్తా నాన్నా అంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ముందు ఒక్క మాట, ఆ 20 డాలర్ల లెక్క మీద మాత్రం తోట తాకట్టు పెట్టొద్దండి. అమెరికా పంపొద్దని కాదు నేననేది, పంపాలనుకుంటే వేరే లెక్క మీద పంపండి అంటున్నా.

20 డాలర్లు అబద్ధమా అంటే కాదు, నిజమే. 2024 ఏప్రిల్ 1 నుంచి కాలిఫోర్నియాలో ఫాస్ట్ ఫుడ్ వాళ్ళకి గంటకి కనీసం 20 డాలర్లు ఇవ్వాలని చట్టం ఉంది, ఏబీ 1228 అంటారు దాన్ని, 2023 సెప్టెంబర్‌లో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం పెట్టాడు. అయితే దేశం మొత్తం మీద కనీసం 60 షాపులున్న చైన్లకే అది వర్తిస్తుంది, సందు చివర ఒక్క హోటల్ పెట్టుకున్నాయనకి కాదు. పైగా అది ఆ ఒక్క రాష్ట్రం సంగతి. రేపు కన్సల్టెన్సీ వాళ్ళు కాలిఫోర్నియాలో రాలేదు సార్ టెక్సాస్‌లో వచ్చింది అంటే (ఇది మామూలుగా జరిగేదే, మనోళ్ళు ఎక్కువగా చేరేది డల్లాస్ వైపే కదా) అక్కడ చట్టం ప్రకారం కనీస వేతనం గంటకి 7.25 డాలర్లే. 2009 నుంచి దేశమంతటికీ ఉన్న ఫెడరల్ రేటు అది, ఇంతవరకు పెరగలేదు.

ఇంక అసలు విషయం, కన్సల్టెన్సీ వాళ్ళు మీకు చెప్పనిది. మీ వాడు పోయేది ఎఫ్-1 వీసా మీద. ఆ వీసా మీద చదివే పిల్లోడు యూనివర్సిటీ క్యాంపస్ లోపల మాత్రమే పని చేసుకోవచ్చు, అది కూడా క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు. బయట బర్గర్ షాపులో పర్మిషన్ లేకుండా ఒక్క గంట చేసినా వీసా రూల్ తప్పినట్టే. సీపీటీ, ఓపీటీ అని బయట పని చేసుకునే పర్మిషన్లు ఉన్నాయి గానీ అవి చదివిన చదువుకి సంబంధించిన పనికే, కంప్యూటర్స్ చదివినోడు కౌంటర్లో ఫ్రైస్ వేస్తే అందులోకి రాదు. అంటే ఆ 20 డాలర్ల జీతం ఉంది, మీ వాడికి మాత్రం అది అందదు. క్యాష్ ఇస్తారు సార్ ఎవరికీ తెలీదు అని చెప్పే వాళ్ళుంటారు, వాళ్ళ మాట అసలు వినొద్దు, పట్టుబడితే స్టేటస్ పోతుంది, చదువు మధ్యలో ఆగిపోతుంది, మళ్ళీ వీసా రావడం కష్టం, లోను మాత్రం మీ నెత్తిన అట్లే ఉంటుంది.

వడ్డీ లెక్క చూడండి. 35 లక్షలకి 11 శాతమంటే ఏడాదికి 3 లక్షల 85 వేలు, నెలకి 32 వేలు, ఇది వట్టి వడ్డీ. పదేళ్ళలో తీర్చాలంటే ఈఎంఐ నెలకి 48 వేలు పైనే. క్యాంపస్‌లో లైబ్రరీలోనో క్యాంటీన్లోనో పని దొరికితే (మొదటి సెమిస్టర్లోనే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, పోటీ ఎక్కువ) వచ్చే డబ్బు వాడి తిండికి, షేరింగ్ రూమ్ అద్దెకి ఆసరా అవుద్దేమో గానీ ఇంటికి పంపేంత మిగలదు. కాబట్టి పార్ట్ టైం ఆదాయం దగ్గర సున్నా రాసి లెక్క వేయండి. సున్నా రాసినా మీరు మోయగలిగితే పంపండి, లేదంటే ఫీజు తక్కువున్న యూనివర్సిటీ చూడండి, లేదా రెండేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసి కొంత చేతిలో పెట్టుకుని పొమ్మనండి. తోట గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, 2025లో తోతాపురి రేటు ఎంత పడిపోయిందో మీకే తెలుసు, గవర్నమెంట్ కిలోకి 4 రూపాయలు సాయం ఇస్తే గానీ గట్టెక్కలేదు, అట్లాంటి పంట మీద నెలనెలా వడ్డీ కట్టడం అయ్యే పని కాదు.

మీ వాడికి ఇంకో సంగతి చెప్పాల. ఆ 20 డాలర్లు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు నాయనా. 2012 నవంబర్లో న్యూయార్క్‌లో ఫాస్ట్ ఫుడ్ వర్కర్లు గంటకి 15 డాలర్లు కావాలని పని ఆపి రోడ్డు మీదకి వచ్చారు, అది ఊరూరా పాకింది. కాలిఫోర్నియాలో 2022లోనే ఒక చట్టం చేస్తే కంపెనీలు దాన్ని ఓటింగ్‌కి పెట్టించి ఆపాలని చూశాయి, చివరికి కంపెనీలూ, వర్కర్ల యూనియన్లూ రాజీకొచ్చి 20 దగ్గర తేల్చుకున్నారు. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్నదాని మీద అక్కడి ఎకనమిస్టులు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు, ఒక స్టడీ తగ్గలేదంటే ఇంకో స్టడీ వేలల్లో తగ్గాయంటుంది, బర్గర్ రేట్లు మాత్రం కొంచెం పెరిగాయి. నా వరకు ఆ పెంపు న్యాయమే అంటాను, అక్కడ ఆ కౌంటర్ల వెనక నిలబడేది పాకెట్ మనీ కోసం వచ్చిన పిల్లకాయలే కాదు, ఆ జీతంతో ఇల్లు గడుపుకునే పెద్దోళ్ళు చాలామంది.

అదే న్యాయం ఇక్కడ మీ వాడికీ ఉంది, దాన్ని ఎందుకు వదులుకుంటున్నారు? హోటళ్ళు, రెస్టారెంట్లలో పనిచేసే వాళ్ళకి మన రాష్ట్రంలో కూడా కనీస వేతనం ఉంది, ధరలు పెరిగేకొద్దీ ఏటా ఏప్రిల్లో, అక్టోబర్లో డీఏ సవరిస్తారు. టైం దాటి పని చేయిస్తే ఆ గంటలకి డబుల్ ఇవ్వాలి. నెల జీతమైతే తర్వాతి నెల 7వ తేదీ లోపల పడాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి, వాటి ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఇవ్వాలి. మీ వాడి దగ్గర అది ఉందా? పే స్లిప్ ఇస్తున్నారా? పార్ట్ టైం కుర్రోళ్ళు ఇవేవీ అడగరు, నెల రోజుల పనికి ఫోన్‌పేలో ఏదో పడుద్ది, అది ఏ లెక్కన వచ్చిందో ఎవరికీ తెలీదు.

ఆ చేతి మీద మచ్చలు అన్నారే, నాకు అన్నిటికంటే అదే బాధగా ఉంది. 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే షాపుకి, జీతం 21 వేల లోపు ఉన్న వాళ్ళకి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది, జీతంలోంచి 0.75 శాతం వాడిది, 3.25 శాతం ఓనర్ది. పనిలో కాలితే ఆ వైద్యం ఈఎస్ఐ చూసుకోవాల, మన తిరుపతిలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. ఇంట్లో బర్నాల్ పూసుకుని పడుకునే పని లేదు. ఫ్రయర్ దగ్గర నిలబెడితే చేతులకి గ్లౌజులు అడగమనండి, సిగ్గు పడాల్సిన పని కాదు.

ఫైనల్ ఇయర్ కాబట్టి రాత్రి షిఫ్టులు మాత్రం తగ్గించుకోవాల, ప్లేస్‌మెంట్ సీజన్లో నిద్ర లేకుండా ఇంటర్వ్యూకి పోతే ఏం లాభం. షాపులో చేసింది రెజ్యూమెలో రాయమనండి, దాచిపెట్టుకోవద్దు. రష్ టైంలో కస్టమర్లని హ్యాండిల్ చేయడం, క్యాష్ క్లోజింగ్, స్టాక్ చూడటం ఇవన్నీ హెచ్‌ఆర్ వాళ్ళు అడిగి తెలుసుకునే విషయాలే. వాడికి నిజంగా ఈ లైనే ఇష్టమైతే అది వేరే మాట, తిరుపతిలోనే ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంది, ఒకసారి పోయి చూసి రమ్మనండి.

కన్సల్టెన్సీకి ఈ వారంలోనే పోండి అన్నా, పోయి ఒక్కటే అడగండి, ఎఫ్-1 మీద బయట బర్గర్ షాపులో పని చేయొచ్చని మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టివ్వండి అని. వాళ్ళు రాసివ్వరు. అప్పుడు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, పార్ట్ టైం కాలమ్‌లో సున్నా వేసి లెక్క మళ్ళీ చేయండి. వాడి ఆఖరి మూడు నెలల జీతం వివరాలు, షిఫ్ట్ టైములు రాసి పంపండి, అది కరెక్టుగా ఇస్తున్నారో లేదో చూసి, తేడా ఉంటే లేబర్ ఆఫీసులో ఎట్లా అడగాలో నేను చెప్తా.