మావారి బేస్‌బాల్ కార్డులన్నీ చెప్పకుండా అమ్మేయాలనిపిస్తోంది, తప్పా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటామండి. బాబు చిన్నప్పుడు లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో ఆడేవాడు, ఆ టైంలో తండ్రీకొడుకులు ఆటగాళ్ల బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డులు కొనడం మొదలెట్టారు. ఇప్పుడు వాడికి 16 ఏళ్లు, వాటి మొహం కూడా చూడడు. మావారు మాత్రం టాప్స్ అనే కంపెనీ 1952లో వేసిన సెట్ పూర్తి చేసి తీరాలంటున్నారు. 407 కార్డుల్లో ఇంకా 60 దాకా రావాలట. మొన్న నాకు తెలియని క్రెడిట్ కార్డు ఒకటి బయటపడింది, బాకీ 9 వేల డాలర్లు! అడిగితే ఇన్వెస్ట్‌మెంట్ అంటారు. ఆయన ఆఫీసుకెళ్లినప్పుడు అన్నీ అమ్మేయాలా, గుంటూరులో మావయ్యగారికి చెప్పాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. మీ కోపం న్యాయమైనదే, ఇంట్లో ఇంకో మనిషికి తెలియకుండా అంత బాకీ చెయ్యడం చిన్న విషయం కాదు. కానీ ఆయన దాచి కొన్నారని మీరు దాచి అమ్మితే రేపు మాట్లాడుకోవడానికి మీ తప్పే ముందుకొస్తుంది, ఆయన తప్పు వెనక్కి పోతుంది. పైగా తొందరలో మొత్తం ఒకేసారి డీలర్‌కి ఇస్తే అతను మళ్లీ లాభానికి అమ్ముకోవాలి కదా, అసలు ధరకి చాలా తక్కువే ఇస్తాడు. మావయ్యగారికి చెప్తే ఆయన అక్కణ్నుంచి ఫోన్లో తిట్టడం తప్ప ఏం చెయ్యగలరు చెప్పండి, మీవారు సిగ్గుతో ఇంకా జాగ్రత్తగా దాచడం నేర్చుకుంటారు.

అసలు ఇప్పుడే ఖర్చు ఎందుకు పెరిగిందో మీరు తెలుసుకోవాలి. బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ ఆ ఏడాది కార్డుల్ని ఒకేసారి కాకుండా విడతలుగా దుకాణాలకి పంపింది. 311 నుంచి 407 దాకా ఉన్న చివరి విడత వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ అయిపోవస్తోంది, పిల్లల ధ్యాస అమెరికన్ ఫుట్‌బాల్ మీదకి మళ్లింది, షాపులవాళ్లు పెద్దగా తెప్పించుకోలేదు. అమ్ముడవని పెట్టెలు ఏళ్లపాటు గోడౌన్‌లో పడున్నాయి, 1960లో వాటిని పడవకెత్తి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆ సెట్ తయారుచేసిన సై బెర్గరే తర్వాత చెప్పారు. అందుకే ఆ చివరి 97 కార్డుల్లో ఎవరికీ పెద్దగా గుర్తులేని ఆటగాడిది కూడా ఖరీదే. మీవారికి రావాల్సిన 60లో ఎక్కువ భాగం ఇవే అయ్యుంటాయి. చవకవి ముందే దొరికేశాయి, కష్టమైనవి మిగిలాయి, అందరికీ ఇలాగే జరుగుతుంది. అంటే ఇన్నాళ్ల ఖర్చు చూసి మిగతా ఖర్చు అంచనా వెయ్యకూడదన్నమాట, ఈ లెక్క ఆయనకి తెలిసే ఉంటుంది, మీకూ తెలియాలి.

ఇక ఇన్వెస్ట్‌మెంట్ అన్న మాట. ఆ సెట్‌లో 311వ నంబరు పేరుమోసిన బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు, 2022లో ఒకటి 12.6 మిలియన్ డాలర్లకి వేలంలో పోయింది, ఆయన మనసులో అది ఉండొచ్చు. కానీ అది దాదాపు మచ్చలేని కార్డు, మూలలు అరిగి మధ్యలో మడత పడినవాటికి ఆ లెక్క వర్తించదు. అలా నలిగిన మాంటిల్ కూడా పదివేల డాలర్ల పైమాటే, అది వేరే సంగతి. క్రెడిట్ కార్డు వడ్డీ 20 శాతం పైన పడుతుంటే, అమ్మిన రోజు వేలంవాళ్ల కమిషన్ పోతే, లాభం మీద ఫెడరల్ టాక్స్ 28 శాతం దాకా ఉంటే ఇంక మిగిలేదెంత? ఈ లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి, గొంతు పెంచకుండా.

అయినా నాకు మాత్రం డబ్బాశ కనబడట్లేదు. బాబుతో కలిసి మొదలెట్టిన పని అది, వాడు పెద్దవాడై వదిలేశాడు, తండ్రి వదల్లేకపోతున్నాడు. పొరపాటు పడుతున్నానేమో కానీ ఒక్కసారి ఆ వైపు నుంచి అడిగి చూడండి. శనివారం ఏ పనీ పెట్టుకోకుండా ఆల్బమ్ తెమ్మని పక్కన కూర్చుని చూపించమనండి, మీరెప్పుడైనా అలా కూర్చున్నారా? బాబు మొదట కొన్నది ఏదో అడగండి. బిల్లు గురించి తర్వాత, కానీ అదే రోజు.

బిల్లు దగ్గర మాత్రం మెత్తబడొద్దు. ఆ క్రెడిట్ కార్డు క్లోజ్ చెయ్యాలి, బాకీ తీరేదాకా కొత్త బేస్‌బాల్ కార్డు ఒక్కటి కూడా కొనకూడదు, ఒకే కార్డు రెండేసి ఉంటే ఆయనే తన చేత్తో అమ్మి కట్టాలి. తర్వాత నెలకింత అని ఇద్దరూ కలిసి ఒక మొత్తం అనుకోండి, అంతలోనే కొనాలి, అరిగిపోయినవైనా సరే. అలా నెమ్మదిగా ఏళ్లు పట్టి సెట్ పూర్తి చేసుకునేవాళ్లే ఎక్కువ. మాంటిల్ చోటు ఖాళీగా వదిలేసేవాళ్లూ ఉన్నారు. టాప్స్ వాళ్లే 1983లో ఈ సెట్‌ని రీప్రింట్ చేశారు, అందులోని మాంటిల్ పెట్టుకున్నా ఎవరూ తప్పుపట్టరు. ఏ కార్డు ఎంతకి కొన్నదీ లిస్టు రాయించి మీ దగ్గరా ఒకటి పెట్టుకోండి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వీటికి సరిపోకపోవచ్చు, విడిగా చేయించాలేమో కనుక్కోండి.

బాబుని ఇందులోకి లాగి "మీ నాన్న చూడు" అనొద్దు. వాడికిప్పుడు ఏది ఇష్టమో అందులోకి తండ్రిని వెళ్లమనండి, అది ఏ వీడియో గేమైనా సరే.

ఇంత చేశాక కూడా ఇంకో రహస్య క్రెడిట్ కార్డు బయటపడినా, బాబు కాలేజీ కోసం దాచిన డబ్బు మీద చెయ్యి పడినా అప్పుడిది సరదా దాటిపోయినట్టే. వెంటనే మీ ఊళ్లో లైసెన్స్ ఉన్న కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకుని ఇద్దరూ వెళ్లండి, ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లండి. బ్యాంకు అకౌంట్లకి అలర్ట్స్ పెట్టుకోవడం మాత్రం ఇవాళే చెయ్యండి, ఆ సంగతి ఆయనకి చెప్పే పెట్టండి.