ఆంటిగ్వాలో వారం: అకతెనాంగోను ఏ రోజున ఎక్కాలి?

గ్వాటెమాలాలోని ఆంటిగ్వా పట్టణంలో మీ శ్రీమతితో గడపబోయే వారానికి మీరు వేసుకున్న ప్రణాళిక ఇరుకుగా మారడానికి కారణం రోజులు చాలకపోవడం కాదు, అకతెనాంగో అగ్నిపర్వతాన్ని రెండో రోజునే పెట్టుకోవడం. ఆంటిగ్వా సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. ఆ శిఖరం 3,976 మీటర్లు. విమానం దిగిన మర్నాడే ఎక్కితే తలనొప్పి, వికారం పట్టుకోవచ్చు.

ఇలా మార్చండి:

1. మొదటి రెండు రోజులూ ఊళ్లోనే గడపండి. 1773 భూకంపాల్లో కూలిన చర్చిల శిథిలాలు, శాంతా కటలీనా తోరణం, పొద్దున్నే సెర్రో దె లా క్రూస్ గుట్ట. ఆ గుట్ట మీంచి ఆగ్వా అగ్నిపర్వతం ఊరికి కాపలా కాస్తున్నట్టు కనిపిస్తుంది, తప్పక చూడండి.
2. మూడో రోజు పకాయా అగ్నిపర్వతం. 2,552 మీటర్లే, ఒక పూట చాలు.
3. నాలుగో రోజు అకతెనాంగో. రాత్రి గుడారంలో చలి గడ్డకట్టించేలా ఉంటుంది. ఉన్ని టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి.
4. ఐదో రోజు మధ్యాహ్నానికి దిగివస్తారు. చాలామంది పొరబడేది ఇక్కడే: అదే సాయంత్రం అటిట్లాన్ సరస్సుకు బస్సు టికెట్టు కొనేస్తారు. వద్దు. జారే బూడిద మట్టిలో దిగడం ఎక్కడం కన్నా మోకాళ్లను ఎక్కువ బాధిస్తుంది. మీ శ్రీమతికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, ఆ సాయంత్రమూ, ఆరో రోజూ పూర్తిగా ఖాళీగా ఉంచండి.

అకతెనాంగోకు ఎదుటనున్న ఫుయెగో అగ్నిపర్వతం తరచూ బూడిద ఎగజిమ్ముతూ ఉంటుంది. గైడు వద్దన్న చోటికి వెళ్లకండి.