గది ఉంటేనే నవల పుడుతుందా?

ప్రశ్న: నవల ఒకటి మొదలుపెట్టి సగంలో ఆపేశాను. మాది రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. చుట్టూ పుస్తకాలు, ఒక బల్ల, తలుపు వేసుకునే వీలున్న గది ఉంటే తప్ప నా వల్ల కాదనిపిస్తోంది. మా ఆవిడేమో "పిల్లాడు చదువుకోవడానికే గది లేదు, మీకెక్కడిది?" అంటోంది. పెద్ద రచయితలకు ఇవన్నీ ఉండేవి కదా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఆవిడ మాటలో న్యాయం ఉందండీ. ఉండేవి నిజమే, కానీ వాటిని ఎంతవరకు వాడుకున్నారో చూడాలి. అమెరికన్ నవలా రచయిత హెమింగ్వేనే తీసుకోండి. క్యూబాలో హవానా శివార్లలో, శాన్ ఫ్రాన్సిస్కో ది పౌలా అనే ఊళ్లో 1940లో ఇల్లు కొన్నారు. పేరు ఫింకా విహియా. సుమారు 9,000 పుస్తకాలు, లైబ్రరీ గదిలో పెద్ద బల్ల, అన్నీ ఉన్నాయి. అది చాలదన్నట్టు భార్య మేరీ ఆయన కోసం ఇంటి పక్కనే ఒక టవర్ కట్టించి, పైఅంతస్తులో రాసుకునే గది ఏర్పాటు చేసింది. ఆయన మాత్రం అక్కడికి ఎప్పుడో గానీ ఎక్కేవారు కాదు. రాసిందంతా చాలావరకు పడకగదిలోనే, అదీ నిలబడి! ఛాతీ ఎత్తున్న పుస్తకాల అలమర పైభాగమే ఆయనకు బల్ల. పలచటి కాగితాల మీద పెన్సిల్‌తో మొదలుపెట్టి, సంభాషణల్లాంటివి జోరుగా సాగుతున్నప్పుడు టైప్‌రైటర్‌కి మారేవారు. నన్నడిగితే ఆ గదిలో అసలైన వస్తువు గోడకు ఆనించిన ఒక అట్టముక్క. పాత అట్టపెట్టె పక్కభాగం అది. ఏ రోజు ఎన్ని మాటలు రాశారో దాని మీద వేసుకునేవారు, ఒకరోజు 450, ఇంకోరోజు 575, తనను తాను మోసం చేసుకోకుండా. దీనికి గది అక్కర్లేదు కదండీ, ఒక అట్టముక్క చాలు. పిల్లాడు బడికి వెళ్లాక వాడి బల్ల ఖాళీయే. సగంలో ఉన్న నవలకు కావాల్సిన నాలుగైదు పుస్తకాలు మాత్రం పక్కన పెట్టుకుని, మిగతావి ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ సర్దేయండి. ఆయన ఇంట్లో బాత్‌రూమ్‌లో కూడా పుస్తకాల గూళ్లు ఉండేవి.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గరి ఊరు. పుస్తకాలకు బూజు, చెద. కలరా ఉండలు వేస్తే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: సరిపోదు. పైన చెప్పిన ఇంటికీ ఇదే బెడద. అక్కడి ఉక్కకు, తేమకు కాగితాలు పాడైపోతుంటే 2019లో ఆ ఆవరణలోనే వాటిని బాగుచేసే ప్రత్యేక భవనం తెరిచారు. మనం అంత దూరం పోనక్కర్లేదు గానీ అలమరను గోడకు బెత్తెడు ఎడంగా జరపండి, పుస్తకాలను బిగించి కుక్కకండి, పొడి రోజుల్లో తలుపులు తెరిచి గాలి తగలనివ్వండి. తడిసినవాటిని ఎండలో పడేస్తే అట్టలు వంకర్లు పోతాయి, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి. చెద గోడ వెంట మట్టి చారలాగా పాకుతూ వస్తుంది, అది కనిపించిన రోజే మందు కొట్టించాలి. కలరా ఉండలు చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. అట్టపెట్టెల్లో కట్టి అటకెక్కించారో, వచ్చే ఏడాదికి అట్టలే మిగులుతాయి.