బండి కొన్నారు సరే, అది ఆగిపోయే రోజుకు ఏం దాచారు?

ప్రశ్న: నమస్కారం సార్. మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. నాకు 31 ఏళ్ళు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న ఉన్నారు. నాన్న పేరు మీద మూడెకరాల భూమి ఉంది. మిర్చి, పత్తి వేస్తాం. దసరాకు ఎనిమిదేళ్ళ పాత నాలుగు చక్రాల ట్రాలీ (చిన్న సరుకు బండి) 3 లక్షల 40 వేలకు కొన్నాను. దాచుకున్న మిర్చి డబ్బు, చిట్టీ ఎత్తిన డబ్బు కలిపి లక్షా 40 వేలు కట్టాను. మిగతా 2 లక్షలు ప్రైవేటు ఫైనాన్సులో 15 శాతం వడ్డీకి తెచ్చాను. మూడేళ్ళు, నెలకు 8,055 వాయిదా. ఉదయం కూలీలను చేన్ల దగ్గర దించి, తర్వాత ఊరి వాళ్ళ మిర్చి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుతున్నాను. డీజిల్ పోను నెలకు 18 వేల దాకా మిగిలేది. సంక్రాంతి నుంచి ఇంజను వేడెక్కుతోంది. రేడియేటర్ శుభ్రం చేయించి పైపులు మార్చాలి, 6,500 అవుతుందని మెకానిక్ చెప్పాడు. వాయిదా దగ్గరపడిందని దారిలో బోర్ల దగ్గర నీళ్ళు పోసుకుంటూ నడిపాను. పోయిన వారం 30 బస్తాల లోడుతో వెళ్తుంటే గిర్నిబావి దాటాక తెల్లటి పొగ వచ్చి ఆగిపోయింది. ఇంజను పని 48 వేలు అంటున్నారు. భార్య బంగారం ఐదు తులాలు కుదువ పెట్టాలా? తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. ఇంకొకరు పాత బండి తీసుకుని, చేతి నుంచి రూపాయి కట్టకుండా కొత్తది ఇప్పిస్తామంటున్నారు. ఏది మంచిది? ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. థర్డ్ పార్టీ బీమా (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండేది) వచ్చే నెలతో అయిపోతుంది.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా నాకు బాధ కలిగించిన అంకె 6,500. సంక్రాంతి నాడు ఆ డబ్బు చేతిలో ఉండి ఉంటే, ఈ రోజు 48 వేల కోసం ఇంట్లో బంగారం వైపు చూడాల్సి వచ్చేది కాదు. పాత బండి కొనేవాళ్ళలో చాలామంది ఇదే తప్పు చేస్తున్నారు. ఉన్నదంతా ఊడ్చి మొదటి విడతకు కట్టేస్తారు. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి బండి బయటికి తీస్తారు. మర్నాడు టైరు పగిలితే మార్చడానికి డబ్బుండదు. అందుకే మీ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఇంజనులో ఏం జరిగి ఉంటుందో చూడండి, ఎందుకంటే డబ్బు లెక్క అక్కడే మొదలైంది. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో మీ ఇంట్లో రోజూ చూస్తూనే ఉంటారు. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) బదులు అవే నీళ్ళు పోస్తే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే పొర పేరుకుంటుంది. నీరు సరిగా తిరగదు, వేడి బయటికి పోదు. పైగా మీది సుమారు 750 కిలోలు మోసే తరహా బండి. బస్తా 40 కిలోలనుకున్నా 30 బస్తాలంటే 1,200 కిలోలు. అంత బరువుతో, వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటాక కూడా నడిపితే హెడ్డు (ఇంజను పైభాగం) వేడికి వంగుతుంది, దాని కింద ఉండే గాస్కెట్ పొర కాలుతుంది, నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి. మీరు చూసిన తెల్లటి పొగ చాలావరకు అదే. ఆయిల్ చూసే పుల్ల బయటికి తీసి చూడండి. ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులోకి మారితే నీళ్ళు ఆయిల్‌లో కూడా కలిశాయన్నమాట. అలాంటప్పుడు ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకండి. బేరింగులు కూడా పోతాయి.

కాబట్టి 48 వేలకు వెంటనే ఒప్పుకోకండి. ముందు హెడ్డు విప్పించండి, మీరు పక్కనే నిలబడండి. హెడ్డు వంగిందా, పగులు ఇచ్చిందా అన్నది వరంగల్ ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్ళు కొలిచి చెబుతారు. ఫేసింగ్‌తో (హెడ్డు అడుగును అరగదీసి చదును చేయడంతో) సరిపోతే, పిస్టన్లు, సిలిండర్ గోడలు బాగుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. సామాను ఎంత, లేత్ పని ఎంత, కూలి ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. రేడియేటర్, పైపులు, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళను వదిలే మూత) కూడా అందులో ఉండాలి. వేడెక్కడానికి కారణమైన వాటిని వదిలేసి గాస్కెట్ ఒక్కటే మారిస్తే మళ్ళీ మూడు నెలలకు ఇదే చోటికి వస్తారు.

ఇక అప్పు సంగతి. కొత్త బండి మాట పూర్తిగా మరచిపోండి. చేతి నుంచి రూపాయి కట్టనక్కర్లేదంటే ఆ రూపాయి కూడా అప్పులోనే కలిసిందని అర్థం. మీకు ఇంకా దాదాపు రెండున్నర లక్షల వాయిదాలు మిగిలి ఉన్నాయి. ఆగిపోయిన బండికి వాళ్ళు కట్టే ధర ఆ బాకీకి చాలదు. తక్కువపడినదంతా కొత్త బండి లెక్కలో చేరుతుంది. 8 వేలు కట్టడానికి 6,500 రిపేరును పక్కన పెట్టిన మనిషి అంతకన్నా పెద్ద వాయిదా ఎలా కడతారు?

అసలు ఈ పాత అప్పే మీరు అనుకున్నంత చవక కాదు. ఫైనాన్స్ వాళ్ళు 2 లక్షలకు 15 శాతం చొప్పున మూడేళ్ళకు 90 వేలు వడ్డీ లెక్కగట్టి, అసలుతో కలిపిన మొత్తాన్ని 36తో భాగించారు. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి 2 లక్షల మీదే పడుతోంది. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే ఇది ఏడాదికి సుమారు 26 శాతం. అంటే ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువ. దాని మీద ఇప్పుడు మూడు రూపాయల వడ్డీ ఎక్కిస్తారా? 48 వేలకు నెలకు 1,440, ఏడాదికి 17,280 పోతుంది, అసలు అలాగే ఉంటుంది. వద్దే వద్దు. బంగారాన్ని బ్యాంకులోనే కుదువ పెట్టండి. ఏడాదికి పది శాతం అనుకున్నా వడ్డీ 4,800 దాటదు. ఇప్పటి ధరలో ఐదు తులాలూ పెట్టాల్సిన పని లేదు, ఒకటి రెండు తులాలు చాలు. రిపేరుకు, బీమాకు, ఆర్‌సీ బదిలీకి ఎంత కావాలో అంతే తీసుకోండి. ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకండి. మిర్చి సీజన్ ఉండగానే బండి రోడ్డెక్కాలి కాబట్టి ఈ ఒక్క అప్పుకు నేను ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు నేను ఎవరికైనా మొదట చెప్పే మాట: బండికి విడిగా ఒక అత్యవసర నిధి ఉండాలి. మీ సంపాదన ఏడాదంతా ఒకేలా ఉండదు. అక్టోబరు నుంచి పత్తి, జనవరి నుంచి మిర్చి, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు. జూన్ వచ్చిందంటే ఎరువుల బస్తాలు తప్ప కిరాయి దొరకదు. వాయిదా మాత్రం జూన్‌లోనూ అదే తేదీకి వస్తుంది. అందుకే మూడు వాయిదాలకు 24 వేలు, ఒక పెద్ద రిపేరుకు 25 వేలు, మొత్తం 50 వేలు ఎప్పుడూ పక్కన ఉండాలి. బండి తిరిగిన ప్రతి రోజూ 150 రూపాయలు తీసేయండి. నెలకు 25 రోజులు తిరిగితే 3,750, ఏడాదికి 45 వేలు. ఇది మిగిలితే దాచే డబ్బు అనుకోకండి, డీజిల్‌లాగే ముందే తీసి పెట్టాల్సిన ఖర్చు. పోస్టాఫీసులోనో, ఇంటి ఖర్చులు నడవని వేరే బ్యాంకు ఖాతాలోనో వేయండి. చిట్టీలో మాత్రం వద్దు. ఇంజను ఆగిన వారమే పాట మీకు రాదు, వచ్చినా తోపు (ముందే ఎత్తుకున్నందుకు వదులుకునే డబ్బు) పోతుంది.

ఇకపై ఆ 750 కిలోలు దాటకుండా లోడు 18 బస్తాలకు తగ్గించండి. ఆదాయం తగ్గుతుందని మీరు అంటారు. నిజమే. బస్తాకు ఐదో పదో కిరాయి పెంచండి, దగ్గరి దూరాలకు రెండు ట్రిప్పులు వేయండి. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్, ఆయిల్, బెల్టు చూడటం, రాత్రి బండి నిలిపిన చోట కింద తడి మరక ఉందేమో గమనించడం అలవాటు చేసుకోండి. ఐదు నిమిషాల పని. వేడి ఇంజనుకు మూత తీయకండి, ముఖం కాలుతుంది.

బీమా దగ్గర నాకు భయం వేసింది. ఆర్‌సీ మీ పేరున లేకపోవడం చిన్న విషయం కాదు. యజమానే నడిపేటప్పుడు ప్రమాదం జరిగితే 15 లక్షల దాకా ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న యజమానికి వర్తిస్తుంది. ఈ ఐదు నెలలూ మీరు ఆ రక్షణ లేకుండా తిరిగారు. ఇక మీ బండి ఎవరినైనా గుద్దితే, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రిజిస్ట్రేషన్‌లో పేరున్నవారే బాధ్యులు. కేసు అమ్మినాయన మెడకు చుట్టుకుంటుంది, ఆయన మీ మీదికి వస్తారు. ఫైనాన్స్ వాళ్ళు కాగితాలు పట్టుకుని కూర్చుంటే, వెళ్ళి బదిలీ చేయించమని గట్టిగా అడగండి. బదిలీ అయిన 14 రోజుల్లో బీమా సంస్థకు తెలియజేయాలి. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే 16,049, పన్ను వేరు. అది కట్టే రోజు ఒక్కసారిగా మీద పడకుండా నెలకు 1,350 అదే ఖాతాలో వేస్తూ పోండి. బీమా లేకుండా ఒక్క రోజు కూడా తిప్పకండి. మొదటిసారి పట్టుబడితే 2 వేల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, కొన్నిసార్లు రెండూ.

కూలీలను ఎక్కించడం ఈ రోజే మానేయండి. సరుకు యజమాని గాని, ఆయన మనిషి గాని సరుకుతో పాటు ఎక్కితే చట్టం ఒప్పుకుంటుంది. ఉత్త ప్రయాణికులుగా ఎక్కిన మిర్చి కోత కూలీలకు మీ బండి బీమా వర్తించదు. మలుపులో బండి పల్టీ కొడితే పదిహేను కుటుంబాల నష్టం మీ మూడెకరాల మీద పడుతుంది. వెనక చెక్క పట్టుకుని నిలబడే ఆ ఆడవాళ్ళు మీ ఊరివాళ్ళే కదా. రోజుకు వచ్చే నాలుగైదు వందల కోసం అంత ప్రమాదం తలకెత్తుకోకండి.

భూమి నాన్నగారి పేరున ఉంది కాబట్టి రైతు బీమా మీకు రాదు. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి (ప్రాణానికి), 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాదానికి) వెంటనే తీసుకోండి, రెండింట్లోనూ రెండేసి లక్షలు. ఆ తర్వాత వీలు చూసుకుని టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా). ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఏటా చేయించాలి, ఆ తేదీ కూడా చూసుకోండి. ఫైనాన్స్ బాకీ తీర్చడానికి, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం గురించి బ్యాంకులో అడగవచ్చు, కానీ ఆ బాకీ ఇప్పుడే తీరిస్తే ఎంత కట్టాలో రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే.

ఒకవేళ హెడ్డు విప్పాక బ్లాకు (ఇంజను కింది భాగం) కూడా పోయిందని తేలి ఖర్చు 80 వేలు దాటితే, బంగారం జోలికి వెళ్ళకండి. బండిని ఉన్నదున్నట్టు అమ్మి, వచ్చినది ఫైనాన్స్‌కు కట్టి, మిగిలిన బాకీకి గడువు అడగండి. ఈ సీజన్ వేరేవాళ్ళ బండి జీతానికి నడపండి. ఆటోనగర్‌లో ఏం తేలిందో, ఆ ఖర్చు కాగితంతో సహా నాకు మళ్ళీ రాయండి.