అల్లుడూ, ముందు ఆ సైటు స్క్రూ మీద చెయ్యి తీయి

అల్లుడూ,

నీ స్ప్రింగు ఎయిర్ గన్నుతో కొట్టి నువ్వు ఫోన్లో పంపిన కాగితం చూశాను. మూడు గుండ్లు ఒకచోట పడ్డాయి, ఒకటి ఎడమ పక్క పైకి పోయింది, ఇంకొకటి కాగితం అంచు చీల్చుకుని పోయింది. ‘మామా, దీని సైటే బాగాలేదు, స్కోపు పెట్టించేస్తా’ అని కింద రాశావు. ఆ దుర్బిణి డబ్బులు జేబులోనే ఉంచు. గన్ను మీద గురి చూసుకునే ఆ సైటు తప్పయితే అయిదు గుండ్లూ కలిసే పక్కకు పోతాయి. ఇట్లా తలా ఒక దిక్కు పట్టవు.

చిత్తూరులో ఎన్‌సీసీ పిల్లలకు పాయింట్ టూటూ (.22) తూటాల రైఫిల్ నేర్పిన రోజుల్లో నేను మొదట చూసేది గ్రూపింగే, అంటే గుండ్లన్నీ ఒక్కచోట పడుతున్నాయా అనేదే. చుక్కలో పడ్డాయా లేదా అన్నది తర్వాతి సంగతి. అయిదూ ఒక్కచోట పడుతుంటే, ఆ చోటు ఎక్కడున్నా సరే, సైటు జరిపి మధ్యకు తెచ్చుకోవడం చిటికెలో పని. గ్రూపే రాకుండా గుండు గుండుకీ స్క్రూ తిప్పుకుంటూ పోతే ఇక దేనికీ లెక్క దొరకదు. కాబట్టి ఈ వారం సైటు ముట్టుకోవద్దు. టేపు పెట్టి పది మీటర్లు కొలిచి, అయిదేసి గుండ్లు వేసి, ప్రతి అయిదింటికీ కొత్త కాగితం పెట్టు. మామూలు సైటుతో అయిదూ రూపాయి బిళ్ల కింద దాగితే నీ చెయ్యి కుదిరినట్టే. పోటీల్లో ఇదే పది మీటర్ల దూరానికి పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది, గుండేమో నాలుగున్నర మిల్లీమీటర్లు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టింది, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఆ చుక్క మీదే. అయితే వాళ్ల రైఫిళ్లు నీ దానిలా ఎగిరిపడేవి కావు. అసలు కథంతా ఆ ఎగిరిపాటులోనే ఉంది.

దానికి ముందు స్క్రూ డ్రైవర్ తీసుకో. కట్టెను ఇనుముకు పట్టి ఉంచే స్క్రూలు, ముందర రెండు, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి, చూడు. స్ప్రింగు గన్ను కొట్టిన ప్రతిసారీ అదురుతుంది, ఆ అదురుకు ఇవి వదులవుతాయి. తగినంత బిగించు, కట్టె పగిలేలా కాదు. గుండ్లు కారణం లేకుండా చెదురుతున్నాయని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఈ స్క్రూల గురించే. చాలాసార్లు అక్కడితోనే రోగం కుదురుతుంది.

ఇప్పుడు పట్టు సంగతి. మీ గన్నులో నువ్వు గొట్టం వంచినప్పుడు లోపల పెద్ద స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే అది పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ ముందున్న గాలి నొక్కుకుని గుండును తోస్తుంది. పిస్టన్ ముందుకు ఉరికేటప్పుడు గన్ను వెనక్కి వస్తుంది, పిస్టన్ చివరికి చేరి ఆగేటప్పుడు ముందుకు గుద్దుకుంటుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే గన్ను కదలడం మొదలవుతుంది. కాబట్టి ఆ కదలికను ఆపేద్దామని గట్టిగా పట్టుకుంటే లాభం లేదు. నీ చేతి బలం ప్రతిసారీ ఒకే లెక్కలో ఉండదు, ఈసారి ఇంత, వచ్చేసారి అంత. ఆ తేడా అంతా కాగితం మీదికి వస్తుంది. నువ్వు భుజానికేసి గట్టిగా అదుముతున్నావని ఫొటోలోనే తెలుస్తోంది.

దాన్ని కదలనివ్వు, కానీ ప్రతిసారీ ఒకేలా కదలనివ్వు. ఎడమ అరచెయ్యి చాపి, వేళ్లు ముడవకుండా, నిద్రపోతున్న పసిబిడ్డ తలను పెట్టుకున్నట్టు గన్నును దాని మీద పెట్టు. ఎక్కడ పెట్టావో కట్టె మీద పెన్సిలుతో గీత గీసుకో, ప్రతి గుండుకీ ఆ గీతే. బట్టు, అంటే కట్టె వెనక చివర, భుజానికి ఆనీ ఆననట్టు ఉండాలి. కుడి చేతి వేళ్లు కూడా మెత్తగానే. మొదట్లో బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద ఎడమ చెయ్యి, చేతి మీద గన్ను పెట్టుకుని కూర్చుని కొట్టు. గన్నును నేరుగా బల్ల మీదో గోడ మీదో ఆనిస్తే గుండు మరోచోటికి పోతుంది. ఇది చాలామంది నమ్మరు, గట్టి ఆసరా ఉంటే ఇంకా బాగా పడాలి కదా అంటారు. పాయింట్ టూటూకి ఆ మాట చెల్లుతుంది, స్ప్రింగు గన్నుకు చెల్లదు.

గురి చూశాక కళ్లు మూసుకుని, ఒక ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరువు. గొట్టం చివరనున్న ముందు సైటు, చుక్క నుంచి పక్కకు జరిగి ఉంటే గన్నును చేత్తో నెట్టి సరిచేయొద్దు. కుర్చీ జరుపు, కాళ్లు జరుపు. లేకపోతే ట్రిగ్గర్ లాగే క్షణంలో ఒళ్లు తనకు సుఖమైన వైపే తిరిగిపోతుంది.

చూపు ముందు సైటు మీద ఉండాలి. చుక్క కాస్త మసకగా కనపడుతుంది, కనపడనీ. ఊపిరి సగం వదిలి ఆపు. ఆరేడు సెకన్లలో గుండు వెళ్లకపోతే దించేసి మళ్లీ మొదలుపెట్టు, ఇందులో నామోషీ ఏమీ లేదు. ట్రిగ్గర్‌ను చూపుడు వేలి మొదటి కణుపు మెత్తతో నిదానంగా వెనక్కి నొక్కు. ఎప్పుడు పేలుతుందో నీకే తెలియనంత నిదానంగా. పేలాక తల ఎత్తి ఎక్కడ పడిందా అని చూడకు. సైటు ఎక్కడుందో చూస్తూ ఒక్క క్షణం అలాగే ఉండు. నీ కాగితం అంచు చీల్చిన ఆ గుండు తల ఎత్తినదే అయి ఉంటుందని నా అనుమానం.

కాగితం కూడా కొంత చెబుతుంది. గుండ్లు నిలువునా పరుచుకుంటే ఊపిరి వైపు చూడు, లేదంటే గుండ్లే ఒకేలా లేవు. అడ్డంగా పరుచుకుంటే వేలు పక్కకు లాగుతోంది, లేదా గన్ను వాలుతోంది. రెండు వేరు వేరు గుంపులైతే మళ్లీ స్క్రూలు చూడు.

గుండ్ల గురించి. డబ్బా కుమ్మరించి ఒక్కొక్కటీ చూడు. వెనక పావడా లాంటి అంచు వంగినవి, సొట్టపడినవి పక్కన పెట్టు, అవి ఊరికే కొట్టుకోవడానికి పనికొస్తాయి. రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా తెచ్చి అన్నీ కొట్టి చూడు. ఒక గన్నుకు నచ్చినది ఇంకో గన్నుకు నచ్చదు, ఎందుకో గన్నునే అడగాలి. కాగితానికి చదును తల గుండు మేలు, చిల్లు గుండ్రంగా శుభ్రంగా పడుతుంది. గొట్టంలో పెట్టేటప్పుడు బొటనవేలితో వంకర లేకుండా, అంచుకు సమంగా నొక్కు. ఆ సమయంలో రెండో చెయ్యి వంచిన గొట్టాన్ని వదలకూడదు. పొరపాటున ట్రిగ్గర్ తగిలితే గొట్టం ఎగిరి మూసుకుని వేళ్లు పోతాయి. గుండ్లు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది, అది సీసం రా నాయనా. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో.

లోపల నూనె చుక్కలు వేశానన్నావు. ఇక వేయకు. ఆ ఒత్తిడికి నూనె మండి పొగ వస్తుంది, పెద్దగా పేలుతుంది, గుండు వేగం ఇష్టమొచ్చినట్టు మారుతుంది. గుండు లేకుండా ఉత్తగా కొట్టడమూ వద్దు, పిస్టన్ ముందు గాలి మెత్త లేక ఇనుముకేసి గుద్దుకుంటుంది.

స్కోపు ఎప్పుడైనా కొంటే ఎయిర్ గన్ కోసమే చేసింది కొను. రెండు వైపులా కొట్టే ఆ కుదుపుకు మామూలు స్కోపు లోపలి అద్దాలు కదిలిపోతాయి.

నువ్వు కాగితం తగిలించింది కంచె రాతికూసానికి. వెంటనే తీసేయి. రాయికి తగిలిన గుండు ఎటు తిరుగుతుందో తెలియదు, నీ కంటికే రావచ్చు. రాళ్లు లేని మట్టి గట్టుకు ఇసుక బస్తా ఆనించి, దానికి కాగితం పెట్టు, కళ్లజోడు పెట్టుకో. తప్పిన గుండు రెండు మూడు వందల మీటర్లు పోగలదు. మీ తోపు అవతల బాటలో కూలీలు నడుస్తుంటారు, కాయలు కోసే రోజుల్లో గన్ను బయటికే తీయకు. కాయ కొరికిందని చిలకనో, కనపడిందని నెమలినో కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు మించక, శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు, అయినా బిల్లు దాచిపెట్టు.

వచ్చే వారం అక్కను తీసుకుని కొండకు వస్తున్నావట. గన్ను చూపిద్దామని కారు డిక్కీలో వేసుకుని వచ్చేయకు, అలిపిరి దగ్గర తనిఖీలో పట్టుకుంటారు. కాగితాలు మాత్రం తీసుకురా. ప్రతి దాని మీద ఏ గుండు వాడావో, ఏ వరసలో పడ్డాయో రాసి తీసుకురా.

మీ మామ
తిరుపతి