క్రేన్ హుక్ లోపలి పగులును మైక్రోవేవ్ చూపిస్తుందా?

మీది చీమకుర్తి క్వారీ క్రేన్ అన్నారు. రంగు గీకకుండానే హుక్ లోపల దాగిన పగుళ్లన్నీ మైక్రోవేవ్ మిషన్‌తో చూపిస్తామని ఎవరో వచ్చారు, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొద్దు. రాయి లేపేటప్పుడు కింద మనుషులుంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

నాది నెల్లూరు. కృష్ణపట్నం వైపు ట్యాంకులు, పైపులు, ఒంగోలు వైపు క్రేన్లు టెస్టింగ్ చేస్తుంటాను. మైక్రోవేవ్ లోహంలోకి దిగదండి. 10 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలోకి అది దిగే లోతు సుమారు 0.66 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు వందో వంతు. మిగతాదంతా వెనక్కి కొడుతుంది. వంటింటి మైక్రోవేవ్‌లో లోపలి గోడలు రేకుతో చేసేదీ అందుకే.

అలాగని అది పనికిరానిదేం కాదు. రంగు, రబ్బరు, ఫైబర్‌గ్లాస్ లాంటి వాటిలోంచి బాగా వెళ్తుంది. కాబట్టి రంగు కింద పట్టిన తుప్పును, లోహం పైభాగాన తెరుచుకున్న పగులును పట్టగలదు. ట్రైనింగ్‌లో ఒకసారి చూశాను. అల్యూమినియం ప్లేటు మీద సన్నటి గాటు పెట్టి పైన రంగేశారు. 23 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల వెడల్పు మూతి ఉన్న, మైక్రోవేవ్ పంపే ఇత్తడి గొట్టాన్ని దానిమీద జరిపితే, గాటు దగ్గరికి రాగానే స్క్రీన్ మీద గీత దిగ్గున పడింది. గొట్టాన్ని అడ్డంగా తిప్పి మళ్లీ జరిపితే అదే గాటు దాదాపు మాయం! మూతి పొడవు వైపు, గాటు ఒకే దిక్కున ఉంటేనే బాగా తెలుస్తుంది.

పోయిన వేసవిలో ఒక క్రేన్ బూమ్ (పొడవాటి చేయి) వెల్డింగ్ దగ్గర నాకు ఇదే గుర్తొచ్చింది. "కొత్త రంగు, గీకొద్దు తమ్ముడూ" అన్నారు ఓనరు. బతిమాలి గీకించాను. తెల్లరంగు కొట్టి, యోక్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతం) ఆనించి, ఇనుప పొడి కలిపిన నల్ల ఇంకు చల్లితే ఏమీ లేదు. యోక్ తొంభై డిగ్రీలు తిప్పాను. వెల్డింగ్ అంచున బొటనవేలంత నల్లగీత తేలింది. క్రేన్ ఆ పూటే ఆపేశారు. మైక్రోవేవ్ ఉంటే రంగు కిందే ఆ పగులు దొరికి ఉండేదేమో, ఎందుకంటే అది పైకి తెరుచుకున్న పగులు.

మీ హుక్ సంగతి వేరు. లోపలి దానికి అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలు పంపే) టెస్టే చేయించండి. వంపు లోపలి వైపు, నట్టు బిగించే మర చుట్ల దగ్గర మాత్రం రంగు తీసి ఎంపీఐ, అంటే పైన చెప్పిన యోక్, ఇంకు టెస్టు చేయించండి. ఆ వచ్చినవాళ్లు ఇంకా పట్టుబడితే, మందపాటి ఇనుపదిమ్మకు పక్కనుంచి మధ్యలోకి డ్రిల్‌తో బెజ్జం వేయించి, పైముఖానికి రంగు పూసి వాళ్ల ముందు పెట్టండి. బెజ్జం ఎక్కడుందో పైనుంచే గుర్తు పెట్టమనండి.